నీరుగంటికి ఓటు లేదు
తుంగభద్ర నీళ్లు, రాయలసీమ, 'ప్రజల భాగస్వామ్యం'

నదీజలాల మీద తెలుగులో వచ్చిన రాతలు చాలావరకు టి.ఎం.సి.ల లెక్కతో మొదలవుతాయి. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత కొట్టేశారు, ఎవరికి ఇంకా ఎంత రావాలి అని మొదలై అక్కడే ఆగిపోతాయి. ఈ లెక్కలు అక్కరలేదని మేము అనడం లేదు. కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టినవాళ్లకు నీళ్ల లెక్క అంటే బతుకు లెక్కే. కానీ ఆ లెక్క ఎవరు వేస్తున్నారు, ఎవరి తరఫున వేస్తున్నారు, లెక్క తేల్చే గదిలో మాలమాదిగలకు ఎప్పుడైనా చోటు దొరికిందా అనే ప్రశ్నలు ఆ రాతల్లో కనిపించవు. నది చరిత్ర అంటే ఇంజనీర్ల చరిత్ర, రాజుల చరిత్ర, పాలకవర్గాల ఒప్పందాల చరిత్ర అయిపోయింది. తూము ఎత్తినవాళ్లు, కట్ట పోసినవాళ్లు, కపిలకు తోలు కుట్టినవాళ్లు అందులో లేరు.

ఇప్పుడు ఈ ప్రశ్న వేయడానికి ఒక కారణం ఉంది. 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నీటి యాజమాన్యంలో వినియోగదారులకు భాగం ఉండాలని తీర్మానించింది. 1997 మే నెలలో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ నదుల వినియోగంపై ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అది అమలులోకి రావడానికి 2014 దాకా పట్టింది. ఓటింగులో తటస్థంగా ఉండిపోయిన భారతదేశం అందులో చేరలేదు. అదే 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. ప్రపంచమంతా 'ప్రజల భాగస్వామ్యం' అనే మాట మోగిపోయింది. ప్రజలంటే ఎవరు? మా పరిశీలనలో ఈ మాటకు ప్రతి కాలంలోనూ ఒకే అర్థం వచ్చింది. పనికి పిలిచేటప్పుడు ప్రజలంటే మాలమాదిగలు, వడ్డెరలు. నిర్ణయానికి పిలిచేటప్పుడు ప్రజలంటే భూమి ఉన్నవాళ్లు. ఈ వ్యాసంలో ఆ మాటను తుంగభద్ర పొడుగునా, కె.సి. కాలువ పొడుగునా పరీక్షించి చూస్తాం.

తుంగభద్రనే తీసుకోవడం ఎందుకంటే మనకు తెలిసిన నదుల్లో ఇది ఒకప్పుడు అంతర్జాతీయ నదికి దగ్గరగా ఉన్నది. పడమటి కనుమల్లో తుంగ, భద్ర అనే రెండు ఏరులుగా పుట్టి, మైసూరు సంస్థానంలో కలిసి, ఒక ఒడ్డున నిజాం రాజ్యం, ఇంకో ఒడ్డున మద్రాసు రాష్ట్రం పెట్టుకుని పారి, కర్నూలు దిగువన సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసేది. 1948 దాకా ఒకే నది మీద ముగ్గురి ఏలుబడి ఉండింది. ఇప్పటికీ కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ అని మూడు రాష్ట్రాలు పంచుకుంటున్నాయి.

శాసనంలో వెయ్యి మంది

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి ఒక శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం అది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అందులో వరసగా చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవిటి నేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం వంటి దోషాల మధ్యన ఒక ఆశ్చర్యకరమైన దోషం ఉంది. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండకూడదట. ఆరువందల యాభై ఏండ్ల కిందటే ఈ గడ్డ మీద పంచుకోవలసిన నీళ్లు తగాదా నీళ్లని తెలుసన్నమాట.

చరిత్రకారులు ఈ శాసనాన్ని జలశాస్త్ర పరిజ్ఞానానికి సాక్ష్యంగా చూపుతారు. మాకు ఇందులో వేరే సంగతి ముఖ్యం. ఆ చెరువు పనికి రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేండ్ల కాలం పట్టిందని అదే శాసనం చెబుతుంది. రాజు పేరుంది, వంశముంది, పుణ్యఫలముంది. వెయ్యి మంది అంకె మాత్రమే. వాళ్ల కులాలేమిటో, ఎక్కడి నుంచి వచ్చారో, పని ముగిశాక ఆ నీళ్లలో వాళ్లకు ఒక్క మడి అయినా దక్కిందో లేదో శాసనం చెప్పదు. దళిత చరిత్ర రాయాలనుకునేవాళ్లకు ఎదురయ్యే కష్టం ఇదే. మన పెద్దలు శాసనంలో లేకుండా పోలేదు. అంకెగా ఉన్నారు. ఆ అంకెను మనుషులుగా మార్చడమే మన పని.

నీరుగంటి, కపిల

చెరువు కట్టడం ఒక ఎత్తు, నీళ్లు పంచడం ఇంకో ఎత్తు. రాయలసీమలో ఈ రెండో పని చేసినవాడు నీరుగంటి. తెలంగాణలో ఇతన్నే నీరటి, నీరడి అన్నారు. తూము ఎంత ఎత్తాలి, ఏ కాలువకు ఎన్ని గడియలు వదలాలి, పై మడి నిండాక కింది మడికి ఎప్పుడు తిప్పాలి, వానకాలంలో మరువ మీద ఎంత పారితే కట్టకు ప్రమాదం అన్నది అంతా అతని తలలో ఉండేది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగినవాడు అతనే. చాలా ఊళ్లలో ఈ పని మాలలదో మాదిగలదో. జీతం డబ్బు రూపంలో కాదు. కొంత మాన్యం, పంట కాలంలో కళ్లం దగ్గర రైతులు కొలిచే మేర.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. నీళ్లు పంచే పని భూమి లేనివాడికి ఎందుకు ఇచ్చారు? ఆయకట్టులో సొంత మడి ఉన్నవాడు తన మడికే ముందు తిప్పుకుంటాడు. అందుకని పొలం లేనివాడి చేతికి తూము అప్పగించారు. భూమి లేకపోవడమే అతనికి అర్హత అయింది. పంపకంలో న్యాయం ఉండాలంటే పంచేవాడికి స్వార్థం ఉండకూడదని ఊరు ఒప్పుకుందన్న మాట.

అయితే దీన్ని చూసి పాత రోజులు బంగారు రోజులని మురిసిపోయే వాళ్లతో మేము ఏకీభవించం. సంప్రదాయ నీటి యాజమాన్యాన్ని పొగిడే పర్యావరణవేత్తలు ఈ నీరుగంటి ఎక్కడ నివసించాడో చెప్పరు. ఊరి మడులన్నిటికీ నీళ్లు పెట్టినవాడు ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. వెలివాడలో పుట్టాడు గనక తరతరాలుగా అదే పని. మేర తక్కువ కొలిస్తే అడిగే నోరు లేదు. జ్ఞానం అతనిది, అధికారం పెద్దరెడ్డిది, లెక్క కరణానిది. నీటి యాజమాన్యంలో దళితులు ఎప్పుడూ ఉన్నారు గానీ యజమానులుగా లేరు.

కాలువ లేని చోట కపిల. కడప, కర్నూలు మెట్ట ఊళ్లలో బావి సేద్యం మోటారు వచ్చేదాకా కపిల మీదే నడిచింది. ఎద్దులు, మోకు, బాన, దాని కింద తోలు తొండం. ఆ తోలు ఊనబెట్టి, కోసి, కుట్టి, చిల్లుపడితే మాసిక వేసిన చేతులు మాదిగలవి. తోలు తొండం లేకపోతే బావిలో నీళ్లు బావిలోనే ఉంటాయి. ఈ ప్రాంతపు వ్యవసాయ చరిత్ర రాసినవాళ్లు బావుల సంఖ్య లెక్కపెట్టారు, ఎద్దుల సంఖ్య లెక్కపెట్టారు. తోలు పనిని నీటి పనిగా ఎవరూ లెక్కగట్టలేదు. అది 'అంటరాని' పని గదా.

కంపెనీ కాలువ, నిర్బంధ శ్రమ

1858లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. ఆర్థర్ కాటన్ ఆలోచనల నుంచి వచ్చిన ఈ కంపెనీకి పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీ గ్యారంటీ ప్రభుత్వమే ఇచ్చింది. లాభం వస్తే లండన్ వాటాదార్లది, నష్టం వస్తే ఇక్కడి ఖజానాది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. అదే కె.సి. కాలువ. ఈ కాలువ తుంగభద్ర నీళ్లను కుందూ మీదుగా పెన్నా లోయకు తీసుకుపోతుంది. ఒక నది పరీవాహక ప్రాంతం నుంచి ఇంకో నది పరీవాహక ప్రాంతానికి నీళ్లు మళ్లించిన తొలి పెద్ద పనుల్లో ఇది ఒకటి. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయాక 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది.

రెండో సంగతి కాలువ చరిత్రల్లో అంతగా కనిపించదు. అదే 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువు కట్టకో కాలువ గట్టుకో గండి పడే ప్రమాదం వస్తే చుట్టుపక్కల ఉన్న 'శ్రామిక తరగతుల' మగవాళ్లందర్నీ పనికి రప్పించే అధికారం సర్కారు అధికారులకు ఇచ్చిన చట్టం ఇది. చెరువు మరమ్మతుకు ఊరంతా శ్రమ చేసే ఆచారాన్ని కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు. చట్టంలో కులం పేరు లేదు. 'శ్రామిక తరగతులు' అంటే ఏ వాడల నుంచి మనుషులు కదిలారో మా ఊళ్లలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. మా దృష్టిలో నీటి యాజమాన్యంలో ప్రజల భాగస్వామ్యం గురించి ఈ నేల మీద వచ్చిన తొలి ఆధునిక చట్టం ఇదే. భాగస్వామ్యం అక్కడ హక్కు కాదు, వెట్టి.

కాలువ వచ్చిన కొద్దికాలానికే 1876-78 కరువు వచ్చింది. మా పెద్దలు డొక్కల కరువు, ధాత కరువు అని చెప్పుకునే కరువుల్లో ఇది పెద్దది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. జిల్లా నడిమధ్య కాలువ పారుతుండగా ఇది జరిగింది. కరువు పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్న రిచర్డ్ టెంపుల్ కొలత అందరికీ తెలిసిందే. కరువులో ముందు పోయేది భూమి లేనివాళ్లు. ఇంట్లో గాదె ఉన్నవాడికి కాలువ ఆసరా అవుతుంది, కూలి మీద బతికేవాడికి పని ఆగిన రోజే కరువు మొదలవుతుంది.

గదుల్లో జరిగిన పంపకాలు

నది మీద రాజ్యాల మధ్య ఒప్పందాలు ఎట్లా జరిగాయో చూద్దాం. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. తుంగభద్రతో సహా కొన్ని నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదన్నది దాని సారాంశం. 1944 జూన్‌లో మద్రాసు, నిజాం ప్రభుత్వాలు తుంగభద్ర ఆనకట్ట నీళ్లను చెరో 65 టి.ఎం.సి.లుగా పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. 1945లో హోస్పేట దగ్గర పని మొదలైంది, 1953లో నీళ్లు వదిలారు. అదే ఏడాది ఆంధ్రరాష్ట్రం ఏర్పడి బళ్లారి మైసూరుకు పోవడంతో ఆనకట్ట మన చేతిలో లేకుండా పోయింది. దాన్ని చూసుకోవడానికి తుంగభద్ర బోర్డు పెట్టారు. కేంద్రం నియమించే అధ్యక్షుడు, ప్రభుత్వాల తరఫున అధికారులు. అప్పటికీ ఇప్పటికీ బోర్డు స్వరూపం అంతే.

1956 అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కింద ట్రిబ్యునల్ కోరే హక్కు రాష్ట్ర ప్రభుత్వాలదే. ఆ చట్టంలో 'రాష్ట్రం యొక్క, రాష్ట్ర వాసుల యొక్క ప్రయోజనాలు' అనే అర్థం వచ్చే మాట ఉంది. మనం ఆ 'వాసుల'లో ఉన్నాం. వాసి నేరుగా ట్రిబ్యునల్ ముందుకు పోయి ఫిర్యాదు చేయడానికి లేదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక ఇచ్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు. కె.సి. కాలువకు 39.9, తుంగభద్ర ఎగువ కాలువకు 32.5. మన జిల్లాల భవిష్యత్తు ఈ అంకెల్లో తేలిపోయింది. 2004లో ఇంకో ట్రిబ్యునల్ వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పెట్టారు. చట్ట ప్రకారం అందులో ఉండేది కేంద్రం మనుషులు, ఒక్కో రాష్ట్రం నుంచి ఒక ఇంజనీరు, ఒక పాలనాధికారి, కేంద్రం పంపే నిపుణుడు. రైతుకే చోటు లేని చోట రైతుకూలీ గురించి అడగడం దండగ అనిపిస్తుంది. అయినా అడగాలి.

రాయలసీమ తరఫున మాట్లాడినవాళ్ల సంగతి కూడా చూడాలి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు ఒడంబడిక చేసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు ముందు హక్కు ఉంటుందని అందులో రాసుకున్నారు. ఆ మాట నిలబడలేదన్న సీమ ఆవేదన న్యాయమైనది. మేము ఆ ఆవేదనలో భాగమే. కానీ కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటి పెద్దలు సంతకాలు పెట్టిన ఆ కాగితంలో సీమ అంటే ఎవరు? అంతకు పదేండ్ల ముందే, 1927 మార్చి 20న, మహాడ్‌లో అంబేద్కర్ వేలాది మందితో చవదారు చెరువులో దిగి నీళ్లు తాగారు. శ్రీబాగ్ నాటికి మా తాతలకు ఊరి బావిలో నీళ్లు ముట్టే హక్కు లేదు. ఒక ఒడంబడిక ప్రాంతానికి నది మీద హక్కు అడిగింది, ఇంకో పోరాటం మనిషికి నీటి మీద హక్కు అడిగింది. ఈ రెండూ ఇంతదాకా ఒకచోట కలవలేదు.

అంబేద్కర్‌ను నీటి విషయంలో మహాడ్ దగ్గరే ఆపేయడం కూడా సరికాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా సాగునీరు, విద్యుత్తు ఆయన శాఖలోనే ఉండేవి. 1945లో కేంద్ర జలమార్గాల, సాగునీటి, నౌకాయాన కమిషన్ ఆయన కాలంలోనే ఏర్పడింది. నదిని ఒక రాష్ట్రం సొత్తుగా కాకుండా మొత్తం లోయగా చూడాలన్నది దామోదర్ ప్రణాళికలో ఆయన వైఖరి. చెరువు నీళ్లు దోసిలితో తాగిన మనిషే నదీలోయల ప్రణాళికలు కూడా వేశాడు. దళిత రాజకీయాలకు నదీజలాలు పరాయి విషయమని ఎవరన్నా అంటే ఇదే జవాబు.

మునిగినవాళ్ల లెక్క

నీళ్లు వచ్చినచోటే కాదు, నీళ్లు నిలిచినచోట కూడా ఈ ప్రశ్న ఉంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. లక్ష మంది దాకా ఇల్లూ వాకిలీ వదిలారు. 1981లో పోలీసులను పెట్టి ఇండ్లు కూల్చి ఖాళీ చేయించారు. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో తేలితే జనం చూసి వస్తారు, పత్రికలు ఫోటోలు వేస్తాయి. గుడి పక్కనుండిన పల్లెల సంగతి ఎవరూ అడగరు.

పరిహారం పట్టా చూసి లెక్కగట్టే పద్ధతిలో భూమి లేనివాడు పోగొట్టుకున్నదేమీ లేనట్టే. ఏటి గడ్డ మీద సాగు చేసుకున్న పుచ్చపాదు, రెడ్ల పొలంలో ఏడాది పొడుగునా దొరికిన కూలి, పశువులు మేపుకున్న బంజరు, చచ్చిన గొడ్డు తోలు మీద హక్కు, ఇవేవీ రికార్డులో లేవు. 1986లో జీవో 98 వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. ఆ కాగితం పట్టుకుని దశాబ్దాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను కర్నూలులో ఎవర్నడిగినా చూపిస్తారు. ముంపుకు సమ్మతి అడిగినట్టు ఎక్కడా లేదు. ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పడమే భాగస్వామ్యం.

1995, 1997: రెండేండ్లలో ఏమి జరిగింది

ఇక మా వ్యాసానికి గుండెకాయ వంటి ఘట్టం. 73వ రాజ్యాంగ సవరణ 1992లో వచ్చింది. దాని ప్రకారం పంచాయతీల్లో షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు జనాభాను బట్టి సీట్లు, సర్పంచి పదవులు రిజర్వు చేశారు. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాల జాబితా ఉంది. అందులో మూడోది చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. ఆంధ్రప్రదేశ్‌లో 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం, 1995లో ఎన్నికలు. మాలమాదిగలు, ఆడవాళ్లు సర్పంచులుగా కుర్చీ ఎక్కిన తొలి పెద్ద సందర్భం అది. కుర్చీ ఎక్కనియ్యకుండా నేల మీద కూర్చోబెట్టిన ఊళ్లు ఉన్నా, చట్టం మాత్రం మన పక్షాన ఉంది.

సరిగ్గా రెండేండ్లకు, 1997లో, సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. ఆ జూన్‌లో ఎన్నికలు పెట్టి రాష్ట్రమంతా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేశారు. వాటి మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు. ప్రపంచబ్యాంకు దీన్ని దేశానికే ఆదర్శమంది. ఈ సంఘాల్లో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు. భూయజమాని, కౌలుదారు ఇద్దరూ ఉంటే కౌలుదారును సభ్యుడిగా లెక్కిస్తామన్నారు గానీ, మా జిల్లాల్లో కౌలు నోటి మాట మీద నడుస్తుంది, కాగితం మీద కాదు. నీళ్లు వాడుకునే మిగతావాళ్లను చేర్చుకోవచ్చు, ఓటు ఉండదు. షెడ్యూల్డ్ కులాలకు సీట్ల రిజర్వేషన్ లేదు.

అంటే పంచాయతీకి పోవలసిన నీటి అధికారం, దళితుడు సర్పంచి అయ్యే అవకాశం వచ్చిన రెండేండ్లకే, భూమి లేని దళితుడు ఓటే వేయలేని ఇంకో సంఘానికి పోయింది. ఇది ఎవరో కూర్చుని చేసిన కుట్ర అని మేము అనం. అట్లా అనడానికి ఆధారం అక్కర్లేదు కూడా. భూమినే పౌరసత్వంగా చూసే అలవాటు పాలకవర్గాల్లో ఎంత లోతుగా ఉందంటే, 'ప్రజలు' అని రాయబోయి 'భూమి గలవారు' అని రాయడం వాళ్లకు తప్పుగా తోచలేదు. ఫలితం మాత్రం కుట్ర చేసినా ఇట్లాగే ఉండేది. కాలువ పూడిక పనులు, గట్టు పనులు, వాటి కాంట్రాక్టులు ఆధిపత్య కులాల చేతుల్లోకి చట్టబద్ధంగా చేరాయి. ముఠాకక్షలున్న పల్లెల్లో నీటి సంఘం అధ్యక్ష పదవి ఇంకో కుర్చీ అయింది.

ఇప్పుడు నీరుగంటిని మళ్లీ తలుచుకుందాం. పాత ఊరిలో భూమి లేకపోవడం నీళ్లు పంచడానికి అర్హత. కొత్త చట్టంలో భూమి లేకపోవడం అనర్హత. ఏ మనిషికి భూమి లేదన్న కారణంగా తూము అప్పగించారో, అదే కారణంగా అతని మనవడికి ఓటు లేకుండా పోయింది. పాత పద్ధతి అతని పని తీసుకుని గౌరవం ఇవ్వలేదు. కొత్త పద్ధతి పనిని కూడా గుర్తించలేదు. కె.సి. కాలువ మీద తూములు తిప్పే లస్కర్లు, చెరువుల కింద ఇంకా మిగిలిన నీరుగంట్లు సంఘం మీటింగులో గోడవారగా నిలబడి విని పోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. ఈ మౌలిక ప్రశ్న అప్పుడూ చర్చకు రాలేదు.

వాటర్‌షెడ్ పథకాల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద 1995 నుంచి కొత్త మార్గదర్శకాలు అమలయ్యాయి. భూమి లేనివాళ్లకు స్వయంసహాయక బృందాలు ఉండాలని వాటిలో రాశారు. రాత మంచిదే. కానీ గట్లు, చెక్‌డ్యాములు వేసేది పట్టా పొలాల్లో. పెరిగిన భూగర్భజలం బోరు ఉన్నవాడిది. కొండవాలు బంజరు మూసేస్తే మేత పోయేది గొర్రె, మేక ఉన్న ఇంటిది.

కూలికి నీళ్లతో ఏమి పని?

ఈ మాట అడిగేవాళ్లు ఉన్నారు. పొలం లేనివాడికి నీటి సంఘంలో ఏం పని అని. దీనికి జవాబు పడమటి కర్నూలు ఊళ్లలో ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఏటా పంటలు తేలిపోగానే ఇండ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడం పనులకు సుగ్గికి పోతారు. తుంగభద్ర వాళ్ల పొలిమేరలోనే పారుతుంది. కాలువ ఆగస్టులో వదిలితే నాట్లుంటాయి, కలుపులుంటాయి, కోతలుంటాయి. వదలకపోతే సుగ్గి. కాలువ తేదీ నిర్ణయించడమంటే వేలాది కుటుంబాలు ఊర్లో ఉంటాయా, బడిపిల్లలు బడిలో ఉంటారా అన్నది నిర్ణయించడం. జిల్లా నీటిపారుదల సలహా మండలిలో ఈ తేదీ ఖాయం చేసే మంత్రులు, ఎమ్మెల్యేలు, ఇంజనీర్ల ముందు కూలీల తరఫున ఒక్కరూ కూర్చోరు. పంట పోతే రైతుకు ఎంతోకొంత పరిహారం ప్రకటిస్తారు. పోయిన కూలి దినాలకు పరిహారం అన్న మాటే పుట్టలేదు.

ఇక తాగునీళ్లు. 1985 జులైలో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి ముందు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. మాదిగవాడ తాగే నీళ్లను పాడుచేస్తుంటే ప్రశ్నించడమే నేరమైంది. కాలువలు నిండుగా పారే కోస్తాలో జరిగిన సంగతి ఇది. నీళ్లు ఎక్కువైతే న్యాయం దానంతట అదే వస్తుందనుకునేవాళ్లు కారంచేడును గుర్తుపెట్టుకోవాలి.

వేరే దారి ఉందా

ఉంది, అదీ మన దేశంలోనే. మహారాష్ట్ర పురందర్ తాలూకాలో విలాసరావు సాళుంకే 1970లలో మొదలుపెట్టిన పానీ పంచాయత్ నీటి హక్కును భూమితో ముడిపెట్టలేదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో దాన్ని బట్టి వాటా. భూమి లేనివాళ్లకూ వాటా. చెరకు వేయకూడదని కట్టుబాటు. హర్యానాలో సుఖోమాజ్రి అనే ఊర్లో చెరువు నీళ్లలో భూమి లేని ఇంటికీ సమాన వాటా ఇచ్చారు. వాడుకోకపోతే ఇంకొకరికి ఇచ్చి ప్రతిఫలం తీసుకోవచ్చు. అవి చిన్న ప్రయోగాలే. వాటికి కష్టాలూ వచ్చాయి. అయినా నీళ్లు వేరు, భూమి వేరు అని ఆచరణలో చూపించాయి. భూసంస్కరణలు విఫలమైన చోట నీటి సంస్కరణ ఒక కొత్త తలుపు కావచ్చు.

2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలని వేలాది మంది సీమ రైతులు పోలీసుల అడ్డంకులు దాటి పోయి ప్రజా శంకుస్థాపన చేశారు. ప్రజలే నది దగ్గరకు నడిచిన అరుదైన రోజు అది. అటువంటి ఉద్యమాల నుంచి మనం దూరంగా నిలబడకూడదు. లోపలికి పోయి ప్రశ్న అడగాలి. సీమకు రావలసిన నీళ్లు వస్తే ఆ నీళ్లలో వెలివాడ వాటా ఎంత?

మా దృష్టిలో అడగవలసినవి ఇవి. 1997 చట్టాన్ని సవరించి ఆయకట్టు ఊళ్లలోని కూలీలకు, నోటి కౌలుదార్లకు, పశుపోషకులకు, చాకలి, చేపల వృత్తులవాళ్లకు ఓటు ఇవ్వాలి. పంచాయతీల్లో ఉన్నట్టే నీటి సంఘాల్లో, ప్రాజెక్టు కమిటీల్లో షెడ్యూల్డ్ కులాలకు, ఆడవాళ్లకు సీట్లు, అధ్యక్ష పదవులు రిజర్వు చేయాలి. నీరుగంట్లకు, లస్కర్లకు నెలజీతం, కమిటీలో స్థానం ఉండాలి. తుంగభద్ర బోర్డు, కృష్ణా బోర్డు నిర్ణయాలు తెలుగులో, కన్నడంలో గ్రామసభ ముందుకు రావాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మూడు రాష్ట్రాల రైతులు, కూలీలు ఆ ఏటి పంట ఏమవుతుందోనని వారం రోజులు నిద్రలేకుండా గడిపారు. ఆనకట్ట బాగోగుల లెక్క అంతకు ముందే వాళ్లకు తెలిసే ఏర్పాటు ఉండాలి గదా.

పరిశోధకులు, విద్యార్థులు చేయవలసిన పని కూడా ఉంది. కె.సి. కాలువ కింద, చెరువుల కింద బతికున్న నీరుగంట్ల దగ్గర కూర్చుని వాళ్ల వంతుల లెక్క, తూముల పేర్లు, మేర కొలతలు రాసుకోవాలి. కపిల తొండం కుట్టిన ముసలి చేతులు కొద్దిమందివే మిగిలాయి. వాళ్లు పోతే ఆ విద్యతో పాటు ఈ నీళ్ల మీద మన హక్కుకున్న సాక్ష్యం కూడా పోతుంది. పోరుమామిళ్ల శాసనంలోని వెయ్యి మంది పేర్లు మనకు ఇక దొరకవు. ఇవాళ తూము దగ్గర ఉన్నవాళ్ల పేర్లు దొరుకుతాయి. ముందు ఆ పేర్లు నీటి సంఘం ఓటర్ల జాబితాలోకి ఎక్కాలి.